‘ఐదింటి గాలి’ అసలు చరిత్ర

కాలీ, ఒబ్రెరో పేట
1996 మే 6

నూబియా,

నీ ఉత్తరమూ, దానితో మడతపెట్టి పంపిన పత్రిక ముక్కా అందాయి. ఉత్తరం ఒకసారి చదివాను. పత్రిక ముక్క రెండుసార్లు చదివాను. అరచేయంత కాగితం మీద ఇన్ని అబద్ధాలు పట్టించినవాణ్ణి, బడిలో ఇన్నేళ్లు పాఠాలు చెప్పినా, నేను చూడలేదు. ఎర్ర పెన్సిలుతో దిద్ది తిరిగి పంపుతున్నాను. నీ భర్త లిసాండ్రోకు చూపించు.

“ముప్పై ఏళ్ల కిందట కాలీ నగరంలో ‘ఐదింటి గాలి’ సల్సా సంగీత బృందాన్ని స్థాపించిన మహాగాయకుడు లిసాండ్రో.” స్థాపించినవాడు నా భర్త అర్నుల్ఫో. స్థలం మా పెరడు. ఆ రోజు లిసాండ్రో చేసిన ఘనకార్యం ఏమిటంటే, సబ్బుల ఫ్యాక్టరీ నుంచి వస్తూ గోడ మీంచి తొంగిచూసి “తినడానికేమన్నా ఉందా?” అని అడగడం. కోడిపులుసు పోశాను. తిన్నాడు, పాడాడు. స్థాపన అంతే.

“సాయంత్రపు కొండగాలిలో కవిత్వం చూసి ఆ పేరు పెట్టాడు.” పేరు పెట్టింది నేను. మా పెరట్లో రేకుల కింద ఐదు దాటి గాలి తిరిగేదాకా మనిషన్నవాడు కూర్చోలేడు. అందుకని రిహార్సల్ ఐదింటికి. అందులో కవిత్వం లేదు, చెమట ఉంది.

“మెరుపువేగం అనే కొత్త శైలిని కనిపెట్టాడు.” కనిపెట్టడమా! న్యూయార్కు నుంచి వచ్చే రికార్డులు మన పేటవాళ్లకు నత్తనడకగా తోచి, నిమిషానికి ముప్పైమూడు చుట్లు తిరగాల్సిన ప్లేటును నలభైఐదు చుట్లు తిప్పి ఆడేవాళ్లు. నువ్వూ ఆడావు, చెప్పు మడమ విరగ్గొట్టుకుని అమ్మ చేత దెబ్బలు తిన్నావు. మన పదకొండు మంది విద్వాంసులు పాటలు నేర్చింది ఆ గిరగిరల్లోంచే. అసలు పాట ఎలా ఉంటుందో ఒక్కడికీ తెలియదు. చివరికి న్యూయార్కు బృందమే ఒకటి ఇక్కడికి వచ్చి, తమ పాట తాము పాడుకుంటుంటే, మనవాళ్లు ఈలలు వేసి “పాట తప్పు! సరిగా పాడండి!” అని కేకలు పెట్టారు. అందరికన్నా గట్టిగా కేక పెట్టినవాడు లిసాండ్రో. ఇదీ ఆ శైలి.

“1979లో బృందాన్ని న్యూయార్కుకు తరలించాడు.” ఈ వాక్యం దగ్గర పెన్సిలు ముక్కు విరిగింది. ఆ డిసెంబరు జాతరలో, ఊరంతా చూస్తుండగా, అర్నుల్ఫో ట్రంపెట్ పట్టుకుని వేదిక మీద నిలబడ్డాడు. గాయకుడు లేడు. పియానో వాయించేవాడు లేడు, బాస్ వాయించే ఒవిదియో లేడు. ఆ ఉదయమే విమానం ఎక్కారు. నీ భర్త పెట్టెలో నేను నా చేత్తో, ఒక్కొక్క వాద్యానికీ విడివిడిగా రాసిన స్వరలిపి మొత్తం ఉంది. జనం ఈలలు వేశారు, నారింజ తొక్కలు విసిరారు. అర్నుల్ఫో రెండు పాటలు వాయించి దిగాడు. బృందం పేరు కూడా నీ భర్త న్యూయార్కులో తన పేర రాయించుకున్నాడని తర్వాత తెలిసింది. దీన్ని తరలించడం అంటారట. నక్క కోడిని తరలించినట్టు.

ఆ స్వరలిపి అంతా జ్ఞాపకం మీద నేను మళ్లీ రాశాను. ఆ తర్వాత మా బృందం ఒక్క జాతర తప్పలేదు. ఇది పత్రికలో లేదు.

నాలుగు పేజీల నీ ఉత్తరంలో చలి ఉంది, మోకాళ్లున్నాయి, మీ అమ్మాయి మరిబెల్ కొత్త ఇంటి కిటికీలున్నాయి. ఎందుకు రాశావో మాత్రం లేదు. పదిహేడేళ్లుగా క్రిస్మస్ కార్డు మీద సంతకానికి మించి ఒక్క అక్షరం రాయనిదానివి. ఏం కావాలో రాయి.

ఎర్సీలియా

●

క్వీన్స్, న్యూయార్కు
జూన్ 2

అక్కా,

నీ ఎర్ర పెన్సిలు అందింది. చిన్నప్పుడు నా కాపీ పుస్తకం మీద చూసినప్పుడు ఎంత ఒళ్లు మండేదో, ఇప్పుడూ అంతే మండింది. ఆ రకంగా నువ్వేం మారలేదు.

నీ చరిత్రలోనూ ఒక తప్పుంది. పులుసు పోసింది నువ్వు కాదు, అమ్మ. నువ్వు చీపురెత్తి “గోడెక్కావంటే కాళ్లు విరగ్గొడతా” అన్నావు. లిసాండ్రో ఆ మాటనే అక్కడికక్కడే చరణం కట్టి, గోడ మీద కూర్చుని నీ మొహాన పాడాడు. నీకు నవ్వొచ్చి లోపలికి పోయావు. బావ అతన్ని బృందంలోకి తీసుకున్నది అందుకు. ఎర్ర పెన్సిలుతో ఇది కూడా రాసుకో.

ఒక్క జాతర తప్పలేదన్నావు. సంతోషం. మీ బృందంలో పాడేవాడి పేరు పేటలో ఎవరినైనా అడిగి చూడు. ఏడాదికొకడు. బావ కట్టుడు పళ్లు పెట్టించుకున్నాక ట్రంపెట్ ఊదడం లేదనీ, చేత్తో పట్టుకుని ఫొటోలకు నిలబడుతున్నాడనీ, ఊదేది వెనకాల ఉన్న ఒక పిల్ల అనీ ఇక్కడ బార్బరు షాపులో కూడా చెప్పుకుంటున్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మా మీద పడితే ఎలా?

ఏం కావాలో రాయమన్నావు. రాస్తున్నా. ఈ డిసెంబరు జాతరలో బృందానికి ముప్పై ఏళ్ల పండుగ చేస్తున్నారట. అందులో లిసాండ్రో పాడాలి, మీ బృందంతో. మా బృందం ఇప్పుడు లేదు, నిరుడు మూసేశాం. పేరు మీకే రాసిచ్చేస్తాం. నాకొక్క సాయంత్రం చాలు. వచ్చే ఏడాది చూద్దాం అనకు అక్కా. ఈ ఏడాదే.

నూబియా

●

కాలీ
జులై 1

నూబియా,

పేరు “ఇచ్చేస్తాం” అన్నావు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది.

ఊదే పిల్ల పేరు దయానిరా. మీ బార్బరు షాపులో ఆ పేరు కూడా చెప్పు. బాగా ఊదుతుంది. పళ్లున్నప్పుడు అర్నుల్ఫో కూడా అంత బాగా ఊదలేదు, ఆ మాట అతనితోనే అన్నాను.

నీ ఉత్తరం అతనికి చదివి వినిపించాను. వింటూ విననట్టు కాఫీ కలుపుకుంటూ కూర్చున్నాడు. కప్పు చల్లారిపోయాక అన్నాడు, “రానీ ఎర్సీ. ఎంతైనా తోడల్లుడు.”

“తోడల్లుడు కాదు, దొంగల్లుడు” అన్నాను.

“దొంగే. కానీ ఇప్పుడున్నవాడు పాడుతుంటే, పళ్లతో పాటు దేవుడు చెవులు కూడా తీసుకుపోయుంటే బాగుండుననిపిస్తోంది.”

మగవాళ్ల పౌరుషం ఇంతే. నాకు మాత్రం షరతుంది. అర్నుల్ఫో ఏ వేదిక మీద తొక్కల దెబ్బలు తిన్నాడో అదే వేదిక మీద, మొదటి పాటకు ముందు, మైకులో, లిసాండ్రో మూడు ముక్కలు చెప్పాలి. చెప్పకుండా వెళ్లిపోయానని. వదిన రాసిన కాగితాలు ఎత్తుకుపోయానని. ఆ పేరు నాది కాదని. వాక్యాలు నేనే రాసిస్తాను, చదివితే చాలు. మాటల్లో చెప్పాలి, పాటలో కాదు. పాటలో అతను ఏదైనా అంటాడు, జనం చప్పట్లు కొడతారు. ఒక్క ముక్క తగ్గినా మా బృందం వాయించదు.

ఒప్పుకోడని తెలుసు. అందుకే రాస్తున్నాను.

ఎర్సీలియా

●

క్వీన్స్
జులై 30

అక్కా,

ఒప్పుకున్నాం. ఏం రాసిస్తే అది చదువుతాడు.

గొంతు పోయిందంటావేమోనని టేపు పంపుతున్నా. పోయిన నెల మా వంటింట్లో పాడాడు. చెంచాతో తాళం వేసింది నేను.

నూబియా

●

కాలీ
ఆగస్టు 28

నూబియా,

టేపు విన్నాం. గొంతు ఉంది, కాదనను. అర్నుల్ఫో వెనక్కి తిప్పీ తిప్పీ టేపు నలిపేశాడు. దయానిరా నోరు తెరుచుకుని విని, “ఈయన ఇన్నాళ్లూ ఎక్కడున్నాడు టీచరమ్మా?” అంది. దొంగతనానికి వెళ్లాడని చెప్పాను.

కానీ చరణాలేవి? టేపులో ఉన్నదంతా పాట రెండో సగమే. వంతవాళ్లు ఒకే ముక్క పట్టుకుని తిప్పుతుంటే, మధ్యలో గాయకుడు నోటికొచ్చింది కట్టి, వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ వెక్కిరించే భాగం. అది అతనికి ఎప్పుడూ వచ్చు. ముందు సగం, రాసిపెట్టిన పాట, అదెక్కడ?

ఇంకొకటి. లిసాండ్రో ఎవరి షరతుకూ తలవంచినవాడు కాదు. పెళ్లిలో పాదిరీ అడిగిన దానికి కూడా బేరమాడాడు. నా మూడు వాక్యాలకు మాత్రం కిక్కురుమనకుండా ఒప్పుకున్నాడు. నువ్వేదో దాస్తున్నావు. చిన్నప్పుడు బెల్లం దాచినప్పుడు కూడా నీ వాక్యాలు ఇంతే పొట్టిగా ఉండేవి.

ఎర్సీలియా

●

క్వీన్స్
నవంబరు 30

అక్కా,

ఇది మరిబెల్ చేతికిచ్చి పంపుతున్నా. నేను రావడం లేదు. మంచు మీద జారి కాలు విరిగింది, తొడ దాకా కట్టు కట్టారు. మరిబెల్ అతన్ని మీ ఇంట్లో దింపి బొగోతాలో వాళ్ల అత్తగారింటికి పోతుంది. జాతర అయ్యాక వచ్చి తీసుకొస్తుంది.

మాత్రలు నీలం సంచిలో ఉన్నాయి. పొద్దున్నే లేస్తాడు. వీధి తలుపు గడియ పెట్టుకో.

నూబియా

●

కాలీ
డిసెంబరు 6

నూబియా,

నీలాంటి మోసగత్తెను కన్నందుకు అమ్మ పైలోకంలో తల దించుకుని ఉంటుంది.

నీ భర్త నవ్వుతూ దిగాడు. అర్నుల్ఫోను వాటేసుకుని “ఆలస్యమైందన్నా, బస్సులో జనం” అన్నాడు. న్యూయార్కు నుంచి బస్సు! ఎప్పటిలా హాస్యమాడుతున్నాడనుకున్నాను. పెరడంతా కలియజూసి, “చెపె ఏడి వదినా? బొంగో డోళ్లు ఇక్కడ పెట్టలేదే?” అన్నాడు. మన డోలు వాయించే చెపెను పాతిపెట్టి తొమ్మిదేళ్లయింది.

అప్పటికీ నమ్మలేదు. భోజనం కాగానే నా మూడు వాక్యాలు రాసిన కాగితం అతని ముందు పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని, రేడియోలో వార్తలు చదివినట్టు స్పష్టంగా చదివాడు. పేరు లేకుండా “నేను” అని రాయడం నా పొరపాటు. చదవడం ముగించి, మొహం ఎర్రబడి, బల్ల మీద గుద్దాడు.

“ఎవడు వదినా ఈ వెధవ? నువ్వు రాసిన కాగితాలు ఎత్తుకుపోయాడా? అన్న ఎలా ఊరుకున్నాడు? పేరు చెప్పు. నేనూ అన్నా వెళ్లి మెడబట్టి లాక్కొస్తాం!”

అర్నుల్ఫో లేచి పెరట్లోకి పోయి, పంపు కింద తల పెట్టుకున్నాడు. అంతకుమించి అతని వల్ల ఏమీ కాలేదు. నేను ఎదుట కూర్చుని ఉన్నాను. పదిహేడేళ్లుగా నేను ఎదురుచూసిన మనిషి నా బల్ల దగ్గర, నేను చేసిన జున్నురొట్టె తింటూ, దొంగను పట్టిస్తానని నాకే ధైర్యం చెబుతున్నాడు.

నీకిది ముందే తెలుసు. “ఏం రాసిస్తే అది చదువుతాడు” అన్నావు. అబద్ధం కూడా కాదు, అదే నీ తెలివి. ఖాళీ డబ్బాకు రంగు కాగితం చుట్టి అమ్మావు.

అతన్ని వేదిక ఎక్కించను. మొదటి చరణానికే నోరు తెరుచుకుని నిలబడతాడు. ఈ ఊరు రెండోసారి మా బృందం మీద తొక్కలు విసరడం నాకిష్టం లేదు. రోజూ పొద్దున లేచి, తెల్ల చొక్కా తొడుక్కుని, రిహార్సల్ ఎన్నింటికని అడుగుతున్నాడు. నాకూ జవాబు కావాలి. ఇది అక్కడికి వచ్చేవాళ్ల చేతికిచ్చాను, నువ్వూ గురువారం విమానంలో ఇక్కడికి వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపు.

ఎర్సీలియా

●

క్వీన్స్
డిసెంబరు 11

అక్కా,

తిట్టు. నీ తిట్లలో ఒక్కటీ తప్పు లేదు.

రెండేళ్ల కిందట ఇక్కడ ఒక పెళ్లిలో రెండో చరణం మరిచిపోయాడు. పోయిన చరణం బదులు నాలుగు ముక్కలు అప్పటికప్పుడు కట్టి పాడితే జనం లేచి చప్పట్లు కొట్టారు. తర్వాత మూడో చరణం, తర్వాత పాటల పేర్లు. మనవాళ్లకేం తెలుస్తుంది, లిసాండ్రో ఎన్నడూ ఒక పాట రెండుసార్లు ఒకేలా పాడలేదు కదా! తెలిసింది వాయించేవాళ్లకు. ఒక్కొక్కడే జారుకున్నాడు. ఒవిదియో ఆఖరిదాకా ఉన్నాడు, చచ్చిపోయేదాకా.

తర్వాత అతని బుర్రలోంచి ఈ ఊరు పోయింది, ఈ పదిహేడేళ్లూ పోయాయి. అతని లెక్కలో ఇంకా మీ పెరట్లోనే ఉన్నాడు. పొద్దున్నే లేచి రిహార్సల్‌కని బయల్దేరతాడు. ఇవాళ సెలవంటాను. బావకు జ్వరమంటాను. నవంబరులో నేను నిద్రలో ఉండగా చొక్కాతో మంచులోకి పోయాడు. వెనకాల పరిగెత్తితే కాలు విరిగింది. నేను కింద పడి పిలుస్తుంటే, “పడుకో, వదిన తిడుతుంది, ఆలస్యమైపోయింది” అంటూ నడిచిపోయాడు.

నీకు క్షమాపణ నేను కూడా చెప్పను. వెళ్లాలనిపించింది, వెళ్లాం. నీ నీడలో బతకడం నీకేం తెలుసు? కానీ ఆ రెండో సగం ఉంది చూశావూ, నువ్వు నోటికొచ్చిందన్నావే, ఇప్పుడు అతని దగ్గర మిగిలింది అదొక్కటే. వచ్చే ఏడాదికి అదీ ఉండదని డాక్టరు చెప్పాడు. బృందం మధ్యలో ఒక్కసారి నిలబడనీ అక్కా. ఇక్కడ చెంచాలు తప్ప ఇంకేం లేదు.

నూబియా

●

కాలీ
డిసెంబరు 30

నూబియా,

జాతరలో ఏం జరిగిందో మరిబెల్ ఫోనులో ఏడుస్తూ చెప్పి ఉంటుంది. ఏడుస్తూ చెప్పేవాళ్లు వరస తప్పుతారు. వరసగా నేను రాస్తున్నాను.

చరణాలు తీసేయమన్నాను. పాట నేరుగా వంతతో మొదలు. మా కుర్రవాళ్లు గొణిగారు, “తల లేని పాటా టీచరమ్మా? ఊరు నవ్వుతుంది.”

“తల లేని గాయకుడికి తల లేని పాట చాలు. నోరు మూసుకుని వాయించండి” అన్నాను.

అర్నుల్ఫో వేదిక మీదికి వెళ్తూ నా వంక చూశాడు. మూడు వాక్యాల సంగతి నేను ఎత్తలేదు. అతనూ ఎత్తలేదు.

వంత మొదలైంది. “గాలొచ్చింది, లేవండి, ఐదింటి గాలొచ్చింది.” లిసాండ్రో మైకు దగ్గరికి నడిచిన తీరు చూసి ముసలివాళ్లు కుర్చీల్లోంచి లేచారు. ముప్పై ఏళ్లవాడిలా నడిచాడు. ఎప్పటిలా రానివాళ్లను వెక్కిరించడం మొదలుపెట్టాడు.

చెపె ఏడి, చెపె ఏడి? డోలు వచ్చి కూచుంది,
చేతులింట్లో మరిచాడేమో, పెళ్లాం దాచి ఉంచింది!

ఒవిదియో ఏడి, బాసు ఏడి? నిద్ర ఇంకా చాలలేదా?
దుప్పటి తీసి లేపండర్రా, చలికి బిగుసుకుపోలేదా?

తెలియనివాళ్లు నవ్వారు. తెలిసినవాళ్లు టోపీలు తీశారు. నేను వేదిక పక్కన మెట్ల దగ్గర ఉన్నాను. పక్కనున్నవాళ్లు కళ్లు తుడుచుకుంటుంటే నాకు చిరాకేసింది. అతనికి ఏం తెలుసని వీళ్లు ఏడవడం? తర్వాత వినపడింది ఇది.

వదిన రాసిన కాగితాలు ఎత్తుకుపోయినదెవడంట?
వాణ్ణి పట్టి తెచ్చి ఇక్కడ నిలబెట్టి పాడిద్దామంట!

నేను బల్ల మీద పెట్టిన కాగితం అతని పాటలోకి ఎక్కింది. మిగతావన్నీ జారిపోయిన బుర్రలో అదొక్కటి నిలిచింది. ఆ రోజు తొక్కలు విసిరినవాళ్లు చాలామంది అక్కడే ఉన్నారు, వాళ్లకు అంతా తెలుసు. ఒకడు పగలబడి నవ్వాడు. తర్వాత అందరూ. మా వంతవాళ్లు, కుర్ర వెధవలు, దొరికిందే చాలని వంత మార్చేశారు. “దొంగ ఏడి? దొంగ ఏడి?” మైదానమంతా అందుకుంది. వేలమంది అతని వైపు వేళ్లు చూపిస్తూ “దొంగ ఏడి?” అని అరుస్తుంటే, నీ భర్త చేతులు చాచి, ఇంకా గట్టిగా అనండని వాళ్లను ఉసిగొల్పుతున్నాడు. మొహం వెలిగిపోతోంది. ఆ దొంగ సిగ్గు తీసి, వాడి గొంతును ఎగతాళి చేసి, వాడి తల్లిని తప్ప ఎవరినీ వదలకుండా చరణం మీద చరణం కట్టాడు. నేను రాసిన మూడు వాక్యాలూ వాటి ముందు దిగదుడుపే.

నూబియా, సరిగ్గా ఇదే నేను కోరుకున్నది. అదే వేదిక, అదే ఊరు, అతని మీద. ఇంతకన్నా బాగా నేను రాసివ్వలేను.

పాట ఆపాలంటే అర్నుల్ఫో పిడికిలి ఎత్తాలి. అది చూసి బృందం ఒక్కసారిగా ఆపేస్తుంది. ఎత్తలేదు. ట్రంపెట్ గుండెకు అదుముకుని రాయిలా నిలబడ్డాడు. ముప్పై ఏళ్లుగా నేను ఆ వేదిక పక్కనే ఉన్నాను, ఒక్కసారీ ఎక్కలేదు. ఎక్కాను. లిసాండ్రో పక్కన నిలబడి పిడికిలి ఎత్తాను. ఆగిపోయింది. జనం ఈలలు వేశారు. వేసుకోనీ.

అతను నావైపు తిరిగి, నొచ్చుకుని, మైకులోనే అన్నాడు, “ఎందుకాపావు వదినా? ఇంకాసేపుంటే దొరికేవాడు.”

“వాడెప్పుడో పోయాడు. రెండో పాట ఎత్తుకో” అన్నాను.

ఎత్తుకున్నాడు. మెట్లు దిగేటప్పుడు అర్నుల్ఫో నా చెయ్యి పట్టుకోబోయాడు. పట్టుకోనివ్వలేదు. దిగడం నాకు వచ్చు.

అతను క్షమాపణ చెప్పలేదు. నేను క్షమించనూ లేదు. నువ్వు మరీ కరిగిపోతావని స్పష్టంగా రాస్తున్నాను.

ఇక అసలు సంగతి. నిన్న మరిబెల్ అతని సంచులు సర్దింది. విప్పించాను. ఏడ్చింది. విమానం తప్పిపోతుంది, ఒక్కదానివే పో అన్నాను. ఈ నెలలో నీ భర్త మూడుసార్లు గడియ తీసుకుని బయటికి పోయాడు. ఒకసారి చెప్పులు కుట్టే ముసలాయన తెచ్చి దింపాడు. ఒకసారి పళ్లమ్మే ఆవిడ బుట్టతో సహా వెంటబెట్టుకొచ్చింది. ఒకసారి తనే తిరిగొచ్చాడు, ఎందుకంటే ఈ పేటలో అన్ని వీధులూ అతనికి మా పెరటికే వస్తాయి. ఇక్కడ మంచు లేదు. నువ్వు వెంట పరిగెత్తనక్కర్లేదు. రోజుకొక జ్వరం కల్పించనక్కర్లేదు.

కాలు అతికాక నువ్వే వచ్చి అడుగు. ఉత్తరంలో అడిగితే అతన్ని పంపను. నీ పాత గది తుడిపించాను, మెట్లెక్కలేకపోతే కింద గది ఉంది. నా నీడ పడకుండా ఉండాలంటే ఆ మూల కూర్చో.

అతను ఇప్పుడే వచ్చి రిహార్సల్ ఎన్నింటికని అడిగాడు. ఐదింటికని చెప్పాను. నిజంగానే ఉంది.

ఎర్సీలియా